తొలియూపిరికి ముందు

బిడ్డ నేలబడి కేరుమన్నపుడే యూపిరి యారంభమగునని మనము సాధారణముగా దలంతుము. ఆ తొలియేడ్పునకై పురిటిగది వెలుపల జెవియొగ్గి నిలిచిన వారికెల్ల దాని విలువ తెలియును. కాని యా యొక్క యేడ్పునకై శిశువు తల్లికడుపున ఆఱునెలలకు బైగా సాధన చేయుచుండునని యెఱిగినవారు మనలో గొందఱే.

సుశ్రుతుడు శారీరస్థానమున, గర్భమునందలి శిశువునకు శ్వాసయు, నిద్రయు, తల్లివలననే కలుగునని చెప్పెను. ఆ మాటలో సత్యమున్నది. బిడ్డకు వలయు ప్రాణవాయువు తల్లి రక్తమునుండియే మావిద్వారా బొడ్డుత్రాటి వెంట వచ్చును. అయినను నేటి వైద్యశాస్త్రము దీనికి మఱియొక విశేషమును జేర్చినది. గాలి యవసరము లేకున్నను, పదునొకండవ వారము మొదలుకొని శిశువు ఱొమ్మును, ఉదరవితానమును గదల్చుచు నూపిరి పీల్చునట్లు నటించును. ఈ కదలిక నిరంతరము గాదు. కొంతసే పుండును, కొంతసే పాగును. తల్లికి దెలియు తన్నులు వేఱు, ఇవి వేఱు. అల్ట్రాసౌండు పరీక్షలో మాత్రమే యివి చక్కగా గానవచ్చును.

ఊపిరితిత్తుల నిర్మాణమునకు రెండు శక్తులు తోడుపడుచున్నవి. మొదటిది జన్యువుల యాజ్ఞ. నాలుగవ వారమున అన్నవాహిక పుట్టుచోట నొక చిన్న మొగ్గ పొడమి, రెండు చీలి, కొమ్మలు రెమ్మలుగా వృక్షమువలె విస్తరించును. ఎక్కడ చీలవలెనో తెలుపు సంకేతములలో ఎఫ్.జి.ఎఫ్. 10 అను జన్యువు ముఖ్యమైనది. ఈ జన్యువును దొలగించిన చిట్టెలుకలకు శ్వాసనాళ మేర్పడినను ఊపిరితిత్తులు పుట్టనే లేదని 1998లో వెల్లడియైనది.

రెండవది కదలిక. గర్భమున ఊపిరితిత్తులు గాలితో గాక, తాము స్రవించిన ద్రవముతోడనే నిండియుండును. శిశువు ఱొమ్ము కదలినకొలది ఆ ద్రవము లోగోడలను మెల్లగా సాగదీయుచుండును. ఆ సాగుదలవలన గొన్ని కణములు పలుచనై గాలి మార్పిడికి దగినవగును. సాగక మిగిలినవి యొకవిధమగు జిగురును స్రవించును. చిట్టెలుకలలో నీ సంగతి 2018లో ప్రకటితమైనది. కండరములు రూపొందని చిట్టెలుకల పిండములందు ఊపిరితిత్తులు కురుచనైపోవుటయు బరిశోధకులు చూచిరి. ఆజ్ఞ యున్నను అభ్యాసము లేనిదే విద్య రాదన్నట్లే యిదియు.

ఆ జిగురు లేనిచో గాలిగదులు ముడుచుకొని యంటుకొనిపోవును. నెలలు నిండని శిశువులు ఊపిరాడక మరణించుటకు దాని కొఱతయే హేతువని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ అను నమెరికా వైద్యులు నిరూపించిరి. 1972లో న్యూజీలాండు వైద్యులు లిగ్గిన్సు, హోవీలు, కానుపునకు ముందే తల్లికి స్టెరాయిడు సూదిమందిచ్చినచో శిశువు ఊపిరితిత్తులు త్వరగా పక్వమగునని చూపిరి. 2014లో మన కేంద్రప్రభుత్వము, 24 మొదలు 34 వారముల మధ్య నెలలు నిండకయే నొప్పులు వచ్చిన స్త్రీకి, పెద్ద ఆసుపత్రికి బంపుటకు ముందే తొలి మోతాదును ఏ.ఎన్.ఎం.లు సైత మీయవచ్చునని నిర్దేశించెను.

మా ఆడపడుచునకు ఏడవ నెలలో ఉమ్మనీరు కొద్దికొద్దిగా గాఱసాగెను. బోధను చేరువ పల్లెలోని యత్తవారు “నొప్పులు లేవుగదా, రెండుదినములు చూతము” అనిరి. మా వారు ఒప్పుకొనక నాటి రాత్రియే నిజామాబాదునకు దోడ్కొని వచ్చిరి. వైద్యురాలు పండ్రెండు గంటల కొకటి చొప్పున నాలుగు సూదిమందు లిప్పించెను. నాల్గవనాడు కాన్పైనది. బిడ్డ మిక్కిలి చిన్నదైనను గట్టిగా నేడ్చినది. ఉమ్మనీ రనగా నుత్త నీరు గాదు. శిశువు సాధనకు వలయు చోటునే అది కాపాడుచున్నది. ఐదవ నెలకు ముందే యది పోయి చాలకాలము కొఱవడినచో ఊపిరితిత్తులు ఎదుగక చిన్నవై పోవచ్చును.

మఱియొక మాట. ఒకప్పుడు చెఱకుతోటల సీమయైన మా బోధను ప్రాంతమునను, నిజామాబాదు వాడలందును, ఒడిలో చాట బెట్టుకొని తునికాకున తంబాకు నింపి బీడీలు చుట్టుటయే యనేక గృహిణుల జీవనము. వారిని బని మానుమనుట నాకు సులభమే. కాని పొయ్యిమీది కెసరు నా మాటతో గాగదు. తంబాకులోని నికోటిను పొగవలననే గాక చర్మమునుండియు, ధూళివలనను దేహమును జేరును. మావిని దాటి శిశువునకును బోవును. పొగత్రాగు తల్లుల గర్భమున శిశువు ఊపిరి కదలికలు తగ్గుట వైద్యులు చూచిరి. కావున గర్భిణి యున్న యింట ఆ చాటను దక్కినవారు పంచుకొనవలెను. పురుషులు ఆమె చెంత పొగ త్రాగరాదు. ఆమె చేతులు కడుగుకొనక యన్నము ముట్టరాదు.

తుదకు, బిడ్డకు ఊపిరాడనిచో తల్లి తిన్నదానిని, త్రాగినదానిని, గ్రహణమునాడు చేసినదానిని దవ్వితీయు దురాచారము మనలో నున్నది. ఉదరవితానమున రంధ్ర మేర్పడి ప్రేగులు పైకెగసి ఊపిరితిత్తులను నొక్కివేయు వ్యాధి, సుమారు 3,000 జననములలో నొకటికి గలుగుచున్నది. అందు గ్రహణమున కేమి పాలు? తల్లి కేమి దోషము? పురిటాలిని నిందించు నోరు, నీరు కాఱిననాడును, శిశువు కదలిక తగ్గిననాడును “ఇప్పుడే ఆసుపత్రికి బోదము” అని పలుకుట నేర్చెనేని, అదియే యా యింటి బిడ్డకు మన మీయగల యూపిరి.