విరిచి చూసే తీరిక

తిరువళ్లూరు దగ్గర పూండి జలాశయం పక్కన తమిళనాడు పురావస్తు శాఖవారి చిన్న మ్యూజియం ఉంది. లోపల చూడాల్సినవి రాతి గొడ్డళ్లు. 1863లో భూగర్భ శాస్త్రవేత్తలు రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ ఈ చుట్టుపక్కలే అత్తిరంపాక్కంలో ఇలాంటివి గుర్తించారు. తర్వాత పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం అక్కడ తవ్వి తీసిన వాటిలో అన్నిటికంటే పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించారు. వాటిని చేసినవాళ్లు క్వార్ట్‌జైట్ గుండును ఇంకో రాయితో కొట్టి, పెచ్చులు లేపి అంచు తెచ్చారు. రాయి లోపల పగులుందో లేదో కొట్టేదాకా తెలియదు.

నేను బయల్దేరింది మాత్రం ఇనప కత్తుల కోసం. తిరుత్తణి శివార్లలో ఒక కాలేజీ లెక్చరరు సెలవు రోజుల్లో పెరట్లో కత్తులు చేస్తారు. 1960 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా ఈ ఊరు చిత్తూరు జిల్లాలోది. ఆయన ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

పెరట్లో రేకుల పాక. మూడు వైపులా తడకలు కట్టి పట్టపగలే చీకటి చేశారు. ఎందుకని అడిగాను. "ఎండలో ఎరుపు ఎంత ఎరుపో తెలీదు సార్" అన్నారు. పాత లారీ బ్రేక్ డ్రమ్ములో మట్టి మెత్తితే కొలిమి అయింది. తిత్తి స్థానంలో కరెంటు బ్లోయరు. పాత ఇనుము అంగట్లో కొన్న ఉక్కు దిమ్మే దాగలి. కత్తికి సరుకు లారీ కమాను పట్టీ. అందులో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది కాబట్టి కాచి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది. ఇంటి స్లాబులో వేసే కడ్డీలో అందులో సగం కూడా ఉండదు. దాన్ని ఎంత కొట్టినా కత్తి ఆకారం వస్తుంది గాని పదును నిలవదు.

పట్టీ నారింజ రంగుకు రాగానే పట్టకారుతో తీసి సుత్తి దెబ్బలు వేశారు. రంగు ఎరుపులోకి దిగగానే ఆపి మళ్లీ కొలిమిలో పెట్టారు. చల్లారిన ఇనుము మీద కొడితే లోపల నెర్రెలు పడతాయట. ఆకారం వచ్చాక ఆకురాయితో అంచు పల్చన చేశారు, మరీ పల్చన కాకుండా. ఆ రోజు అసలు పరీక్ష ఆ తర్వాతే. కత్తిని కాచి అయస్కాంతం దగ్గర పెట్టారు. ఇనుము దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటాక ఇంకాస్త కాగనిచ్చి, గోరువెచ్చని నూనెలో నిలువుగా ముంచారు. భగ్గున మంట లేచింది. బయటికి తీసిన కత్తి గాజంత పెళుసు. అందుకే వెంటనే 200 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు పెట్టి, చల్లార్చి, మళ్లీ రెండు గంటలు పెడతారు. కాస్త గట్టిదనం పోయి ఆ మేరకు సత్తువ వస్తుంది.

అరలో విరిగిన కత్తుల ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆయనే కావాలని విరిచినవి. ఒకదాని విరుపు చక్కెర పలుకుల్లా మెరుస్తోంది, అంటే వేడి ఎక్కువైంది. ఇంకొకటి బూడిద రంగులో మెత్తగా, పలుకు కనబడకుండా ఉంది. కావలసింది అదే. చేసేవన్నీ వంటింటి కత్తులే. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో, రెండు అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తులకు ఆయుధాల నిబంధనలు వర్తిస్తాయి. ఇంటికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉన్నా, ఆయన ఆ కొలతల జోలికి పోరు.

సాయంత్రం ఆయనే నన్ను దగ్గరి పల్లెలో ఒక కమ్మరి కొలిమికి తీసుకెళ్లారు. చెరుకు కొట్టే కత్తులకు పదును పెడుతున్నాడు పెద్దాయన. అయస్కాంతం లేదు, కొలత లేదు. రంగు చూసి తీయడం, నీళ్లలో ముంచడం, అంతే. ఎప్పుడైనా విరిచి చూశారా అని అడిగాను.

"నేనొకటి విరిస్తే పూట కూలి పోయినట్టే సామీ. విరిచేదానికి రైతులుండారు కదా. ఆరు నెల్లకి అదే కత్తి నా ముందరకే వస్తుంది, మొండి పోయిందా, పెచ్చు లేచిందా అని నాకు తెలిసిపోతుంది."

ఆ మాటతో నా లెక్క తారుమారైంది. తీరిక ఉన్నవాడే పరీక్షించగలడని అంతదాకా అనుకున్నాను. నిజానికి పెద్దాయనకున్నంత పరీక్షశాల లెక్చరరుకు లేదు. పల్లె పొలాలన్నీ ఆయన కత్తుల్ని వాడి, అరగదీసి, తిరిగి పంపుతున్నాయి. లెక్చరరు చేసినవి చుట్టాల ఇళ్లకు బహుమతులుగా పోతాయి. బాగుందంటారు తప్ప లోపం చెప్పరు. విరిచి చూస్తే ఉక్కు పలుకు తెలుస్తుంది. పిడి చేతికి ఒప్పిందా, అంచు ఎన్నాళ్లు నిలిచింది అన్నవి మాత్రం వాడినవాళ్లే చెప్పాలి.

ఇది లెక్చరరుకూ తట్టకపోలేదు. ఈమధ్య చేసిన రెండు కత్తులు తిరుత్తణి మార్కెట్లో చేపలు కోసే ఒకావిడకు ఇచ్చారట. డబ్బు తీసుకోలేదు, లోపాలు చెప్పాలన్నదే షరతు. వారం తిరగకుండానే, పిడి తడికి జారుతోందని ఆవిడ ఒక కత్తిని తిప్పి పంపింది. దాని పిడి ఇప్పుడు మారుస్తున్నారు.