ఎక్సెప్షన్ వచ్చింది సరే, ఎక్కణ్ణించి వచ్చింది?

జావాలో యూనిట్ టెస్టులు రాసేవాళ్ళలో చాలామందికి ఒక నమ్మకం. తప్పు ఇన్‌పుట్ ఇస్తే ఎక్సెప్షన్ రావాలి, వచ్చింది, పచ్చగీత కనబడింది, పనైపోయింది అని. నా మటుకు నాకు అసలు పని అక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

బ్యాంకు ఖాతా క్లాసు ఒకటుందనుకోండి. డబ్బు తీసే మెథడ్‌కి నెగటివ్ మొత్తం పంపితే అది ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్ విసరాలి. ఇదేమీ ఆషామాషీ నియమం కాదు. మైనస్ 500 తీస్తే నిల్వ 500 పెరుగుతుంది మరి! 2006లో వచ్చిన జేయూనిట్ 4 పద్ధతిలో అయితే, టెస్టు నెత్తిమీద 'ఎక్స్‌పెక్టెడ్' అని ఆ ఎక్సెప్షన్ పేరు రాసేస్తే చాలు. ఒక్క లైను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

చిక్కల్లా ఏమిటంటే, అది టెస్టు మెథడ్ మొత్తానికీ వర్తిస్తుంది. ఏ లైనులో వచ్చినా సరే. టెస్టు మొదట్లో ఖాతాకి నిల్వ పెట్టడం కోసం ఎవరో బిగ్‌డెసిమల్‌కి మన అలవాటు ప్రకారం "1,00,000" అని కామాలతో సహా ఇచ్చారనుకోండి. దానికి కామాలు గిట్టవు. వెంటనే నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ విసురుతుంది. ఇదెవరనుకున్నారు? సాక్షాత్తూ ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్‌కి సబ్‌క్లాసే! జేయూనిట్ సబ్‌క్లాసు వచ్చినా ఒప్పేసుకుంటుంది. టెస్టు పాస్. డబ్బు తీసే మెథడ్‌ని మాత్రం ఎవరూ పిలవనేలేదు. రేపెవరైనా ఆ నెగటివ్ చెక్ తీసి పారేసినా ఈ టెస్టు ఇలాగే పచ్చగా ఉంటుంది. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే.

అంతకన్నా ఘోరమైనవీ ఉన్నాయి. ఒక ప్రాజెక్టులో కోడ్ రివ్యూ చేస్తుంటే 'ఎక్స్‌పెక్టెడ్'కి ఏకంగా ఎక్సెప్షన్ క్లాసునే ఇచ్చిన టెస్టులు కనబడ్డాయి. నల్‌పాయింటర్ వచ్చినా పాసే. ఇదేంటయ్యా అంటే, "కవరేజీ 80 శాతం దాటాలన్నారండీ" అన్నాడు రాసిన కుర్రాడు. అతన్నేమనగలం? శాతం అడిగారు, శాతం ఇచ్చాడు.

జేయూనిట్ 3 రోజుల్లో ట్రైలో మెథడ్‌ని పిలిచి, కింద లైనులో ఫెయిల్ అని రాసి, క్యాచ్‌లో ఎక్సెప్షన్‌ని పట్టుకునేవాళ్ళం. మోటుగా ఉండేది గానీ, ఏ లైను మీద అనుమానమో తెలిసేది. దానికీ గండాలున్నాయి. ఫెయిల్ లైను మర్చిపోతే ఎక్సెప్షన్ రాకపోయినా పాసే. క్యాచ్‌లో థ్రోవబుల్ అని రాస్తే ఫెయిల్ విసిరే ఎర్రర్‌ని కూడా అదే మింగేస్తుంది.

2014లో జావా 8తో లాంబ్డాలు వచ్చాక దారి సుగమమైంది. 2017లో జేయూనిట్ 5, 2020లో జేయూనిట్ 4.13 అసెర్ట్‌త్రోస్‌ని తెచ్చాయి. కానీ లాంబ్డాలో ఒక్క పిలుపే ఉండాలి, సెటప్ అంతా బయటే. పదిలైన్లూ లోపల కుక్కితే మళ్ళీ అదే కథ. ఇదీ సబ్‌క్లాసుల్ని ఒప్పుకుంటుంది, ఖచ్చితంగా ఆ క్లాసే కావాలంటే 5.8 నుంచి అసెర్ట్‌త్రోస్‌ఎగ్జాక్ట్‌లీ ఉంది. పట్టుకున్న ఎక్సెప్షన్‌ని చేతికిస్తుంది కాబట్టి మెసేజీ కూడా చూడొచ్చు. అలాగని మొత్తం వాక్యాన్ని పోల్చకండి, ఎవరో ఒక ఫుల్‌స్టాప్ దిద్దగానే టెస్టు పడిపోతుంది. ఏ మొత్తం తప్పో అందులో ఉందా లేదా చూస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, ఎవరూ రాయనిది, ఆ తర్వాతి లైను. ఎక్సెప్షన్ వచ్చాక ఖాతాలో నిల్వ ఎంతుంది? ఒక ఖాతాలో తీసి ఇంకో ఖాతాలో వేసే మెథడ్ ఉందనుకోండి. తీసేశాక, వేయబోయే ముందు చెక్ చేసి ఎక్సెప్షన్ విసిరితే? సరైన ఎక్సెప్షన్, సరైన చోటే వచ్చింది. డబ్బు మాత్రం గల్లంతు! ఖాతాదారుకి మన ఎక్సెప్షన్ పేరుతో పనిలేదు, అతనికి కావలసింది తన డబ్బు.

టెస్టు రాశాక నేను చేసేది చిన్న పని. కోడ్‌లో ఆ చెక్‌ని కామెంట్ చేసి టెస్టు నడుపుతాను. ఎర్రబడితే సరే, లేకపోతే ఆ టెస్టు దండగ. ఈ పనిని యంత్రంలా చేసిపెట్టే పిట్ లాంటి మ్యుటేషన్ టెస్టింగ్ టూల్స్ కూడా ఉన్నాయి. వీలైతే మీ ప్రాజెక్టులో ఓసారి 'ఎక్స్‌పెక్టెడ్' అని వెతికి, దొరికిన వాటిలో ఓ నాలుగింటికి ఇలా చేసి చూడండి. ఎన్ని ఎర్రబడతాయో మీకే తెలుస్తుంది.