16 కిలోమీటర్లు... 23 ఏళ్లు

కోల్‌కతా మెట్రో పటంలో నీలం గీత అన్నిటికన్నా పాతది. ఉత్తరాన దక్షిణేశ్వర్ దగ్గర మొదలై దక్షిణాన గరియా దాకా, నగరానికి పాపిట తీసినట్టు నిలువునా సాగుతుంది. ఎవరో స్కేలు పెట్టి ఒక్క ఊపులో గీసేశారేమో అనిపిస్తుంది. నిజానికి ఆ గీతను గీసింది ఇంజినీర్లొక్కరే కాదు. వెడల్పాటి రోడ్లు కొంత గీశాయి. ఓ రైల్వే యార్డు కొంత గీసింది. ఓ పాత కాలువ కొంత. ఖజానాలో డబ్బుల్లేని ఏళ్లు, కోర్టు స్టేలు మరికొంత. ఇక ఆ గీత పక్కనే ఇళ్లూ దుకాణాలూ ఉన్నవాళ్లు... వాళ్ల వాటా పటంలో ఎక్కడా కనపడదు.

పొట్లకాయ లాంటి నగరం

పడమరన హుగ్లీ నది, తూర్పున చిత్తడి నేలలు. అటూ ఇటూ పెరిగే దారి లేక కలకత్తా ఉత్తర దక్షిణాలుగా పొట్లకాయలా సాగింది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది శరణార్థులు వచ్చారు. జనం పెరిగారు, రోడ్లు పెరగలేదు. మెట్రో రైల్వే చెప్పే లెక్క ప్రకారం నగర విస్తీర్ణంలో రోడ్ల వాటా 4.2 శాతమే. ఢిల్లీలో అది 25 శాతం. ఆ కాస్త జాగాలోనే ట్రాములు, బస్సులు, లాగుడు రిక్షాలు, తోపుడు బళ్లు.

పైన చోటు లేకపోతే కిందికి వెళ్లాల్సిందే. ఆ మాట అన్నది అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్. 1949లోనే ఆయనకు భూగర్భ రైలు ఆలోచన వచ్చింది. ఫ్రెంచి నిపుణులు వచ్చి సర్వే చేశారు కూడా. కానీ అది కాగితం దాటలేదు. మళ్లీ కదలిక వచ్చింది 1969లో. సోవియట్ నిపుణుల సాయంతో 1971లో మాస్టర్ ప్లాను తయారైంది. అయిదు మార్గాలు, మొత్తం 97.5 కిలోమీటర్లు. అందులో అన్నిటికన్నా అవసరమైనది డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ దాకా 16.45 కిలోమీటర్ల దారి అని తేల్చారు. 1972 డిసెంబరు 29న ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు.

దేశంలో అంతకుముందు అలాంటి పని ఎవరూ చేయలేదు. అడిగి తెలుసుకుందామన్నా చెప్పేవాళ్లు లేరు.

రోడ్డు చెప్పిన దారి

భూగర్భ రైలు అనగానే నేల లోపల ఎలుక బొరియలా తవ్వుకుంటూ పోతారనుకుంటాం. కలకత్తాలో చాలా భాగం అలా చేయలేదు. రోడ్డును పైనుంచే తవ్వారు, లోపల కాంక్రీటు పెట్టె కట్టారు, పైన మట్టి కప్పేసి మళ్లీ రోడ్డు వేశారు. చెప్పడానికి రెండు ముక్కలే. కానీ కింద ఉన్నది గంగమ్మ తెచ్చి పోసిన ఒండ్రు. మెత్తటి బంకమట్టి, కాస్త లోతుకు పోతే నీళ్లు. గొయ్యి తీస్తే అంచులు జారి పక్కనున్న ఇళ్లు ఒరిగిపోవచ్చు.

అందుకే ముందు రోడ్డుకు రెండు పక్కలా సన్నటి లోతైన కందకాలు తీశారు. మట్టి జారకుండా వాటిని బెంటొనైట్ అనే బంక నీళ్లతో నింపారు. అందులోకి ఇనుప చువ్వల బోనులు దించి, కింది నుంచి కాంక్రీటు పోస్తూ వస్తే బంక నీళ్లు పైకి తేలిపోయి గోడ మిగులుతుంది. అలా రెండు గోడలు లేచాకే మధ్యలో మట్టి తీయడం. దానికి ముందే ఏళ్ల నాటి మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు తీగలు పక్కకు జరపాలి.

ఇళ్ల కింద ఇలా తవ్వడం కుదరదు కదా! వెడల్పాటి రోడ్డు ఉన్నచోటే గీత పోవాలి. అందుకే నీలం గీత శ్యాంబజార్ నుంచి దిగి చిత్తరంజన్ అవెన్యూను పట్టుకుంటుంది. ఎస్ప్లనేడ్ దాటాక చౌరంగీ, తర్వాత అశుతోష్ ముఖర్జీ రోడ్డు, శ్యామాప్రసాద్ ముఖర్జీ రోడ్డు. పైన రోడ్డు తిరిగిన చోట కింద పట్టాలూ తిరుగుతాయి. పేరుకు పాతాళ రైలు... నడిచేది మాత్రం రోడ్డు చెప్పిన దారిలో!

ఒక్కచోట ఆ ఎత్తుగడ పారలేదు. శ్యాంబజార్, బెల్గాచియాల మధ్య ఓ కాలువ, రైల్వే యార్డు అడ్డుపడ్డాయి. వాటిని పైనుంచి తవ్వలేరు. అక్కడ మాత్రం షీల్డు అనే పెద్ద ఉక్కు డొల్లను మట్టిలోకి నెట్టుకుంటూ, నీళ్లు రాకుండా గాలిని ఒత్తిడితో నింపి సొరంగం తొలిచారు.

ముక్కలు ముక్కలుగా...

తవ్వకం 1973లో మొదలైంది. మొదటి అయిదేళ్లూ నిధుల కటకట. సామగ్రి టైముకు రాదు. ఓ పక్క కోర్టు ఉత్తర్వులు. రోడ్డు మధ్యలో గొయ్యి మాత్రం ఎక్కడికీ పోదు. దుకాణం ముందు కంచె వేస్తే గిరాకీ పక్క వీధికి పోతుంది. వర్షాకాలం వస్తే బురద. ఈ నష్టానికి ఏ పద్దులోనూ లెక్క లేదు.

ఎట్టకేలకు 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్, భవానీపూర్ మధ్య మొదటి రైలు నడిచింది. 3.4 కిలోమీటర్లు, అయిదు స్టేషన్లు. దేశంలో అదే తొలి మెట్రో. మద్రాసులోని పెరంబూరులో తయారైన పెట్టెలు, పక్కనే మూడో పట్టా నుంచి 750 వోల్టుల కరెంటు. సరిగ్గా నెల తిరక్కుండానే, నవంబరు 12న ఉత్తరాన డమ్‌డమ్, బెల్గాచియాల మధ్య ఇంకో చిన్న ముక్క తెరిచారు. రెండింటికీ మధ్య రైలు లేదు. రెండే స్టేషన్ల కోసం మెట్లు దిగి ఎక్కేదెవరు? జనం లేక 1992 అక్టోబరులో ఆ ముక్కను మూసేశారు.

దక్షిణాన టాలీగంజ్‌కు 1986లో చేరిన రైలు, ఉత్తరానికి కదలడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. 1994 ఆగస్టులో డమ్‌డమ్ నుంచి శ్యాంబజార్ దాకా. అక్టోబరులో ఎస్ప్లనేడ్ నుంచి చాందినీ చౌక్ దాకా 0.71 కిలోమీటరు. అంటే కిలోమీటరైనా కాదు! 1995 ఫిబ్రవరిలో మరో రెండు ముక్కలు. చివరికి గిరీశ్ పార్క్, సెంట్రల్ స్టేషన్ల మధ్య 1.8 కిలోమీటర్ల ఖాళీ మిగిలింది. 1995 సెప్టెంబరు 27న అదీ పూడింది. శంకుస్థాపన నాడు చిత్తరంజన్ అవెన్యూ పక్క ఇంట్లో ఓ బిడ్డ పుట్టి ఉంటే, ఇంటి ముందు నుంచి రైలెక్కే నాటికి డిగ్రీ పూర్తయి ఉండేది. బాల్యమంతా కంచె పక్కనే.

ఆ పాఠం వృథా పోలేదు. 1970లో కలకత్తా మెట్రో ప్రణాళిక బాధ్యతలు చూసిన రైల్వే ఇంజినీరు ఇ.శ్రీధరన్. ఆయన సారథ్యంలోనే 2002 డిసెంబరులో ఢిల్లీ మెట్రో పట్టాలెక్కింది. ఫీజు కట్టింది కలకత్తా... చదువుకుంది ఢిల్లీ!

చోటు ఇచ్చేదెవరు?

టాలీగంజ్ దాటాక వెడల్పాటి రోడ్డు లేదు. అందుకని గీత ఈసారి నేలపైకి లేచి, ఆదిగంగగా పిలిచే టాలీ నాలా వెంట స్తంభాల మీద సాగింది. పాత గంగ పాయలో స్తంభాలేమిటని పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పారు. రైలు మాత్రం 2009లో కవి నజ్రుల్ స్టేషన్‌కు, 2010లో కవి సుభాష్‌కు చేరింది. ఆ చివరి స్టేషన్‌లో స్తంభాలకు పగుళ్లు కనిపించడంతో 2025 జులైలో దాన్ని మూసేయాల్సి వచ్చింది.

నీలం గీతను ఎస్ప్లనేడ్‌లో అడ్డంగా దాటే ఆకుపచ్చ గీతది మరో కథ. ఇది యంత్రాలతో లోలోపల తొలిచిన దారి. రోడ్డు తెరిచే పనిలేదు, జనానికి బాధ లేదనుకున్నారు. 2019 ఆగస్టు 31న బౌబజార్‌లో యంత్రానికి భూగర్భ జలం తగిలింది. నేల కుంగింది. పాత ఇళ్లు బీటలు వారాయి, కొన్ని కూలాయి. వందల మంది కట్టుబట్టలతో బయటికి వచ్చారు. 2024 మార్చిలో అదే గీత మీద హుగ్లీ నది కింద రైలు నడిచింది. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగే మనవాళ్లు ఇప్పుడు వంతెన మీద ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా ఎస్ప్లనేడ్ చేరుతున్నారు. నది దాటడానికి పట్టేది ముప్పావు నిమిషమే. 2025 ఆగస్టులో బౌబజార్ ముక్క కూడా కలిసి గీత పూర్తయింది.

రోడ్డు తెరిచి తవ్వినా, లోపలి నుంచి తొలిచినా నగరం చోటు ఊరికే ఇవ్వదు. ఎవరో ఒకరి వాకిట్లోంచి తీసి ఇస్తుంది. రైలు అక్కర్లేదని కాదు. అదే లేకపోతే దుర్గాపూజ రాత్రుల్లో ఆ జనసముద్రాన్ని మోసేదేది? కానీ మోసిన భారం ఒకరిది, ఎక్కే సుఖం మరొకరిది కాకూడదు కదా. కంచె వేసే ముందే దుకాణదారుడి గిరాకీకి, పాత ఇంటి గోడకు కూడా పద్దు రాయాలి. 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అన్న బోర్డు ఒక్కటే దానికి సరిపోదు.

గిరీశ్ పార్క్ నుంచి సెంట్రల్‌కు ఇవాళ రైల్లో పట్టేది నాలుగైదు నిమిషాలు. ఫోన్లో తలదూర్చిన కుర్రాడు తలెత్తేలోపు ఆ దూరం దాటిపోతుంది. దాని పైనున్న రోడ్డు మాత్రం ఆ నాలుగైదు నిమిషాల కోసం రెండు దశాబ్దాలు ఎదురుచూసింది.