తెర మీది సముద్రం

యూసుఫ్‌గూడకు సముద్రం చాలా దూరం. అయినా మాకు ఎగువన ఉన్న ఫిల్మ్‌నగర్‌లో కంప్యూటర్ల మీద సముద్రాలు పుడుతూనే ఉంటాయి. అక్కడ గ్రాఫిక్స్ పని చేసే నా పూర్వ విద్యార్థి ఒకనాడు నన్ను తన కార్యాలయానికి ఆహ్వానించాడు. తెరపై ఒక ఓడ అలలను చీల్చుకుంటూ సాగుతోంది. “అచ్చం నిజమైన నీటిలాగే ఉందే!” అన్నాను.

“నీటి గమనాన్ని వివరించే సమీకరణాలే వాడతాం సార్. అయితే చూసేవాళ్లు నమ్మితే మా పని నెరవేరినట్లే. ఓడలు నిర్మించేవాళ్లకు అది చాలదు” అన్నాడు.

ఆ మాటలోని అంతరార్థం తరువాత చదివినకొద్దీ బోధపడింది. కదిలే ఓడను నీరు ప్రధానంగా రెండు విధాల నిరోధిస్తుంది. అలలను లేపడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. ఓడ దేహాన్ని నీరు ఒరుసుకోవడం వల్ల మరికొంత వ్యయమవుతుంది. నెమ్మదిగా సాగే పెద్ద సరకు ఓడలలో ఈ ఘర్షణ వాటాయే అధికం. గాలి సాంద్రత నీటి సాంద్రతలో సుమారు 800వ వంతు మాత్రమే. కనుక ఓడ అడుగుకూ నీటికీ మధ్య గాలిని పరిస్తే ఘర్షణ తగ్గి, ఇంధనం ఆదా అవుతుంది.

గాలిమెత్తపై ప్రయాణించడమనే ఆలోచనను 1955లో క్రిస్టఫర్ కాకరెల్ ఖాళీ డబ్బాలతో పరీక్షించాడు. 1959 జూలై 25న ఆయన హోవర్‌క్రాఫ్ట్ ఇంగ్లీషు ఛానల్‌ను దాటింది. భారీ సరకు ఓడను అలా నీటిపైకి లేపలేము. దానిని నీటిలోనే ఉంచి, అడుగున గాలిపొరను కల్పించాలి. జపాన్‌లో 2010లో ‘యమతాయ్’ అనే ఓడకు ఇట్టి ఏర్పాటు చేశారు.

అయితే గాలిని పంపడానికి కూడా శక్తి కావాలి. ఓడ ఊగినప్పుడు గాలి పక్కలకు జారిపోవచ్చు. అడుగు ఏ ఆకారంలో ఉండాలి? గాలిని ఎక్కడ, ఎంత వదలాలి? ప్రతి ఆలోచనకూ ఒక నమూనాను చెక్కి పరీక్షించడం అసాధ్యం. అందుకే కంప్యూటర్‌లో నీటినీ గాలినీ లక్షలాది చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో వేగాన్నీ పీడనాన్నీ గణిస్తారు. కానీ చిన్న చిన్న సుడులన్నింటినీ లెక్కించడం దుస్సాధ్యం. కొన్నింటి ప్రభావాన్ని ఊహించక తప్పదు. ఆ ఊహ తప్పితే తెరపై ఓడ తేలికగానే సాగుతుంది. నిజమైన ఓడలో మాత్రం ఇంధనం వృథా అవుతుంది.

విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన నీటితొట్టి ఉంది. ఓడల నమూనాలను అందులో లాగి, నీటి నిరోధాన్ని కొలుస్తారు. గాలిపొర విషయంలో ఇట్టి తొట్టికీ పరిమితి ఉంది. నమూనా చిన్నదైనంత మాత్రాన గాలిబుడగలు అదే నిష్పత్తిలో చిన్నవి కావు. అందువల్ల గణనను తొట్టి, తొట్టిని గణన సరిదిద్దుకోవాలి. తుది తీర్పు సముద్రానిదే.

నా పరిశోధన రోజులు గుర్తుకు వచ్చాయి. ఒక ప్రాచీన కావ్యంలో అర్థం కుదరని పద్యపాదానికి నేను ఒక పాఠాన్ని ఊహించాను. ఛందస్సు సరిపోయింది, అర్థం మెరిసింది. మురిసిపోయి వ్యాసం రాసి పంపబోతుండగా, తాళపత్ర ప్రతిని చూశావా అని మా గురువుగారు అడిగారు. చూశాను. అందులో నా పదం లేదు. ఉన్న పదం నేను ఊహించినదాని కంటే సహజంగా, సుందరంగా ఉంది. నా వ్యాసాన్ని చించివేశాను.

ఒక వస్తువును మరొక వస్తువుగా ఊహించడాన్ని ఆలంకారికులు ఉత్ప్రేక్ష అన్నారు. కవి ఊహకు సహృదయుని మెప్పు చాలు. శాస్త్రవేత్త ఊహకు, పరిశోధకుని ఊహకు పరీక్ష కావాలి. తెర మీది సముద్రం ఎంత అందంగా ఉన్నా, ఓడను మోయవలసింది ఉప్పునీటి సముద్రమే.