మైకేల్ మయర్స్ మనిషా, దెయ్యమా?

రాత్రి మళ్లీ 1978 నాటి 'హాలోవీన్' పెట్టాను. బాబ్ అనే కుర్రాణ్ణి కత్తితో గోడకి గుచ్చేశాక ముసుగు హంతకుడు మైకేల్ అక్కడే నిలబడి, తల ఓసారి ఇటు, ఓసారి అటు వంచి చూస్తాడే, ఒళ్లు జలదరించేది అక్కడే. పసివాడు కొత్త బొమ్మని చూసినట్టు. లోపల మనిషే ఉన్నట్టుంటుంది, కానీ మనకి అంతుపట్టడు. ఆ తెల్ల మాస్కు అసలు 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కిర్క్‌ది, రంగేశారంతే! చివర్లో తూటాలు తిని బాల్కనీ మీంచి పడ్డవాడు మాయమవుతాడు. ఎలాగో దర్శకుడు జాన్ కార్పెంటర్ చెప్పడు. మహానుభావుడు.

తర్వాతివాళ్లు ఊరుకుంటేగా! మైకేల్ ఇలా అవడానికి కారణం శాపమని 1995లో ఆరో భాగం అంది, 2007 రీమేక్‌లో రాబ్ జాంబీ వాడి పాడైన బాల్యం చూపించాడు. రెండూ నాకు ఎక్కలేదు. కారణం తెలిశాక జాలో విసుగో తప్ప భయమెక్కడిది?

'స్క్రీమ్' సంగతి వేరు. ఘోస్ట్‌ఫేస్ తన్నులు తింటాడు, తూలి పడతాడు, ముసుగు వెనక ఎవడన్నదే అక్కడ ఆట. వాడు మనిషే అవ్వాలి. 'ఫ్రైడే ది థర్టీన్త్' హంతకుడు జేసన్‌నైతే 1986లో పిడుగు వేసి మరీ సమాధిలోంచి లేపారు, పేచీ లేదు. మైకేల్‌ని మాత్రం ఎటూ తేల్చకండి బాబూ.