సాల్వియా నారు

బ్రెజిలు దేశమునఁ బుట్టిన యెఱ్ఱపూల సాల్వియా మన తులసి కుటుంబములోనిదే. దాని విత్తు మొలచుటకు వెలుతురు కావలయును గనుక లోతుగఁ బాతరాదు. పైపైనఁ జల్లినచో నొక్క జడివానకే కొట్టుకొనిపోవును. 1996 నవంబరులోఁ గొబ్బరితోఁటలనే కూల్చిన తుపానును కోనసీమవారము మఱువలేము. కావున మేము కార్తికము గడచిన పిదపనే విత్తుదుము. అడుగున రంధ్రములుగల కుండీలలో నిసుకయుఁ గడిగిన కొబ్బరిపొట్టును నింపి, విత్తులు చల్లి, అరచేత మెల్లగ నదిమి, పలుచని కొబ్బరాకుల పందిరిక్రింద నీటిపళ్లెములలో నుంచుదుము. తడి యడుగునుండి పైకెక్కును.

మొలకలగుపడుటకు 10 మొదలు 14 దినములు పట్టును. అంతవఱకు వట్టి మన్నే కనఁబడును. తాళలేక కెలికిన బాలుఁడు విత్తును పోఁగొట్టుకొనును. కనిపెట్టుకొన్నవాఁడు పూలను జూచును. ఒక్క యేఁడు ఫలము కానరాలేదని బిడ్డను బడి మాన్పింపఁదలఁచు తలిదండ్రులకు మా విన్నపమును ఇదియే.