అమ్మకానికి రాకూడని అందం

పాలలో నీళ్ళు కలపవచ్చు, పప్పులో రాళ్ళు కలపవచ్చు, నేతిలో డాల్డా కలపవచ్చు. అంగడి సరుకులన్నింటిలోకీ మోసానికి ఆస్కారం లేనిది పూలమొక్క ఒక్కటే అని లోకం నమ్మకం. ఇంటి ముందు నాలుగు కుండీలు పెట్టుకోదలచిన గృహస్థు నర్సరీకి వెళ్ళి సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తాడు. ఎప్పుడు పూస్తుంది? ఎన్నాళ్ళకొకసారి నీళ్ళు పోయాలి? ఎంతకిస్తారు? ఈ మూడింటికీ తృప్తికరమైన సమాధానం దొరికితే మొక్క ఆటో ఎక్కి ఇంటికి చేరుతుంది. నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. ఈ మొక్క ప్రహరీగోడ దాటి వెలుపలికి పోతే ఏమవుతుంది?

చాలా మొక్కల విషయంలో ఏమీ కాదు. యజమాని నీళ్ళు పోసినంత కాలం బతుకుతాయి. అతడు వేసవి సెలవులకు ఊరు వెళితే వాడిపోతాయి. గోడ దాటి ఒకటి రెండు గింజలు పడినా ఎండకో, గొర్రెల నోటికో బలి అయిపోతాయి. కాని కొన్ని మొక్కలు అలా ఊరుకునే రకం కావు. విచిత్రమేమంటే, అమ్మేటప్పుడు ఏ సుగుణాలను వర్ణిస్తారో అవే వెలుపల దుర్గుణాలుగా మారుతాయి. నీళ్ళు లేకపోయినా బతుకుతుంది, పశువు మూతి పెట్టదు, పురుగు పట్టదు, కొమ్మ గుచ్చితే చాలు చిగురిస్తుంది, పన్నెండు నెలలూ పూస్తుంది అని చెబితే కొనేవాడు మురిసిపోతాడు. అడవికి ఆ మాటలే శాపం.

లాంటానా కథ ఇందుకు ఉదాహరణ. పసుపు, నారింజ, గులాబీ వన్నెలు ఒకే గుత్తిలో కలిసి పూసే ఈ పొద పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. 1809లో ఈస్టిండియా కంపెనీవారు దానిని కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి తెప్పించారు. ఔషధానికీ కాదు, ఆహారానికీ కాదు; కేవలం అలంకారానికి. దొరల బంగళాల చుట్టూ కంచెగా పెరిగిన ఆ పొద పండ్లను పిట్టలు తిని, గింజలను అడవిలో విడిచాయి. నరికితే మొదలు నుంచి మళ్ళీ పిలకలు వేసింది; కాలిస్తే బూడిదలోనుంచి చిగిర్చింది. ఇప్పుడు భారతదేశంలో పులులు తిరిగే అడవులలో 1,50,000 చదరపు కిలోమీటర్లకు పైగా లాంటానా పాకి ఉన్నదని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. దాని కింద గడ్డి మొలవదు. గడ్డి లేనిచోట జింక నిలవదు. జింక లేనిచోట పులికి ఆకలి. ఆ ఆకును ఆకలికొద్దీ మేసిన పశువుకు కాలేయం చెడుతుంది.

నీలగిరులలో, కర్ణాటక కొండలలో గిరిజనులు లాంటానా కొమ్మలతో కుర్చీలు, బుట్టలు అల్లుతున్నారు. గూడలూరు ప్రాంతంలో అల్లిన నిలువెత్తు లాంటానా ఏనుగులు 2021లో లండన్ ఉద్యానవనాలలో కొలువుతీరి జనాన్ని ఆకట్టుకున్నాయి. చేతిపనికి అది గొప్ప గౌరవమే. కాని ఎన్ని ఏనుగులను అల్లినా తరగనంత లాంటానా అడవిలో మిగిలే ఉన్నది.

గుర్రపుడెక్కదీ ఇదే వరస. లేత ఊదారంగు పూల మీది మోజుతో దానిని అమెజాన్ నదీ ప్రాంతం నుంచి దేశదేశాల కొలనులకు తీసుకుపోయారు. పంతొమ్మిదవ శతాబ్దం చివరకు అది బెంగాలు చేరింది. అనుకూలమైన నీటిలో రెండు వారాలలో రెట్టింపయ్యే మొక్క అది. రాలిన గింజ బురదలో ఏళ్ళ తరబడి జీవంతో పడి ఉంటుంది. కొద్ది దశాబ్దాలలోనే బెంగాలు కాలువలలో పడవలు కదలలేదు, వరిచేలు ఊపిరాడక నశించాయి, చెరువులలో చేపలు తగ్గాయి. చివరకు 1936లో బెంగాలు ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, ఎవరి స్థలంలోనూ గుర్రపుడెక్క ఉండరాదని శాసించింది. మరుసటి ఏడు జరిగిన ఎన్నికలలో ఈ కలుపును తొలగిస్తామన్న వాగ్దానం పార్టీల ప్రణాళికలకు ఎక్కింది. ఒక పూలమొక్క ఎన్నికల సమస్య కావడం చరిత్రలో అరుదు. అంతకు ముందే, 1917లో, బర్మా కూడా ఇటువంటి చట్టం చేసి ఉన్నది. శతాబ్దం గడిచినా కొల్లేరు మొదలు బంగ్లాదేశ్ చిత్తడినేలల వరకు గుర్రపుడెక్క లేని నీరు వెతుక్కోవలసిందే.

ఆ చట్టాలలో లోపమేమిటి? ఉద్దేశంలో లోపం లేదు. వచ్చిన కాలంలోనే లోపం. మొక్క పదిమంది కొలనులలో ఉన్నప్పుడు చట్టం లేదు. లక్షల ఎకరాలకు పాకిన తరువాత చట్టం వచ్చింది. కుండీలో ఉన్న మొక్కకు యజమాని ఉంటాడు. అతడికి చెప్పవచ్చు, వద్దనవచ్చు. ఏటిలోకి చేరిన మొక్కకు యజమాని ఎవడు? అప్పుడు శాసనం మొక్కను పెంచినవాడి మీద కాక, దానిని పీకవలసినవాడి మీద పడుతుంది. కొలనులో పూలు చూసి ఆనందించినవాడు ఒకడు. వలలో చేపకు బదులు గుర్రపుడెక్క ఎత్తుకునేవాడు మరొకడు. ఒకడి ముచ్చటకు మరొకడు మూల్యం చెల్లించే చోట అమ్మకం కేవలం ఇద్దరి మధ్య వ్యవహారం కాదు. నిషేధాన్ని సమర్థించే వాదాలలో బలమైనది ఇదే.

ఆ మూల్యం ఎంత అన్నది 2023లో ఐక్యరాజ్యసమితితో అనుబంధం గల జీవవైవిధ్య నిపుణుల వేదిక తేల్చి చెప్పింది. ప్రపంచంలో హాని చేస్తున్న పరాయి జీవజాతులు 3,500కు పైబడి ఉన్నాయి. వాటివల్ల కలిగే నష్టం 2019 నాటికే ఏటా 42,300 కోట్ల డాలర్లు దాటింది. ఇందులో జంతువులు, కీటకాలు కూడా ఉన్నాయి. అయితే మొక్కల వాటా చిన్నది కాదు; వాటిలో చాలావాటిని మనిషే ముచ్చటపడి తెచ్చుకున్నాడు.

ఇంతమాత్రాన పరాయిదేశపు మొక్కలన్నింటినీ తరిమివేయాలని ఎవరైనా అంటే అది అవివేకం. సంక్రాంతి గొబ్బెమ్మ మీద, బతుకమ్మ వరుసలలో మెరిసే బంతిపువ్వు మెక్సికో నుంచి వచ్చినదే. గుడి ఆవరణలో రాలే దేవగన్నేరు, పెరటి సీతాఫలం, కూరలోని మిరపకాయ - ఇవన్నీ సముద్రాలు దాటివచ్చినవే. వందల ఏళ్ళుగా ఇక్కడ ఉన్నా ఇవి అడవిని మింగలేదు. కాబట్టి విచారించవలసినది మొక్క పుట్టుక కాదు, నడత.

రెండవ అభ్యంతరం ఇంతకంటే బరువైనది. గోదావరి పక్కన కడియం, కడియపులంక ప్రాంతంలో వేలాది కుటుంబాలకు మొక్కే జీవనాధారం. అక్కడ అంటుకట్టే చేతులు, మట్టి నింపే చేతులు, లారీలకెత్తే చేతులు ఎక్కువగా రోజుకూలీవి. ఆ మొక్కలు దేశం నలుమూలలకూ వెళతాయి. ఒక ఉదయం ప్రకటన వెలువడి, రెండేళ్ళుగా పెంచిన సరుకు నేరమైపోతే నష్టపోయేది వీరే. ఆ మొక్కను కావాలని అడిగిన పట్నవాసికి పోయేదేమీ లేదు. ఇంకొక దుకాణంలో ఇంకొకటి కొనుక్కుంటాడు.

ఈ ఆందోళన ఊహ కాదని కోనోకార్పస్ ఉదంతం చూపింది. చల్లగా, పచ్చగా, నిట్టనిలువుగా త్వరగా ఎదిగే ఈ చెట్టును తెలంగాణ హరితహారంలో రోడ్ల మధ్య విరివిగా నాటారు. అది రోడ్డు మీదికి వచ్చింది గాలికి కాదు, పిట్ట నోట కాదు, నర్సరీల లారీలలో. ఆ తరువాత పుప్పొడివల్ల శ్వాసకోశవ్యాధులు వస్తాయని, వేళ్ళు నీటి గొట్టాలను చీలుస్తాయని భయం వ్యాపించింది. 2022లో తెలంగాణ దానిని నాటవద్దన్నది. 2023లో గుజరాత్, 2025లో తమిళనాడు అదే బాట పట్టాయి. ఇక్కడి పరిస్థితులలో ఆ ఆరోపణలకు తగినంత రుజువు లేదని కొందరు వృక్షశాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు కూడా. ఒకే రకం చెట్టును ఊరంతా నాటడం తెలివితక్కువ పని అనడంలో సందేహం లేదు. అయితే నిన్న ప్రభుత్వమే కొని నాటిన చెట్టు నేడు దోషిగా నిలబడితే, రేపు నిజమైన దోషిని చూపినా జనం నమ్మరు. భయంతో చేసిన నిషేధం వివేకంతో చేయవలసిన నిషేధానికి చేటు తెస్తుంది.

అయితే వివేకంతో చేయడమంటే ఎలా? అమెరికాలో బ్రాడ్‌ఫర్డ్ పియర్ అనే చెట్టు విషయంలో జరిగినది కొంత దారి చూపుతుంది. ఆసియా నుంచి తెచ్చిన జాతిలోనుంచి ఎంపిక చేసి, 1963లో అక్కడి వ్యవసాయశాఖే ఆ రకాన్ని ప్రజలకందించింది. వసంతంలో చెట్టంతా తెల్లని పూలు. అంట్ల ద్వారా పెంచిన ఆ చెట్లన్నీ ఒకే తల్లికి నకళ్ళు గనుక తమలో తాము ఫలించవు. కాయ లేదు, గింజ లేదు, వ్యాపించే భయం లేదు అని అందరూ ధైర్యంగా ఉన్నారు. తరువాత వ్యాపారులు అదే జాతిలో మరికొన్ని రకాలను అంగడిలోకి దించారు. కొత్త రకం పుప్పొడి పాత రకానికి సోకింది. కాయలు కాచాయి, పిట్టలు తిన్నాయి, బీళ్ళనిండా ముళ్ళచెట్లు మొలిచాయి. గింజ కట్టదని చెప్పే పొట్టి లాంటానా రకాలను కొనేవారు ఈ కథను ఒకసారి గుర్తుంచుకోవడం మంచిది. ఒక మొక్క గొడ్డుదని చెప్పే హామీ దాని పక్కన మరేమి నాటుతారో తెలియనంత వరకే.

ఒహాయో రాష్ట్రం ఈ చెట్టును నిషేధించదలచినప్పుడు 2018లో నిబంధన ప్రకటించి, అయిదేళ్ళ గడువిచ్చి, 2023 జనవరి నుంచి అమ్మకాన్ని ఆపింది. నర్సరీవారు ఉన్న సరుకును వదిలించుకుని కొత్త మొక్కలు పెంచుకోవడానికి వ్యవధి దొరికింది. దక్షిణ కరోలినాలో, పెరటిలోని ఆ చెట్టును కొట్టివేసినవారికి స్థానిక జాతి మొక్కను ఉచితంగా ఇచ్చే పద్ధతి పెట్టారు. ఐరోపా సమాఖ్య 2014లో చేసిన చట్టం మరొక మార్గం తొక్కింది. పేరుపేరునా జాబితా వేసి, అందులోకి ఎక్కిన మొక్కను అమ్మరాదు, పెంచరాదు అన్నది. 2016 నాటి మొదటి జాబితాలోనే గుర్రపుడెక్క చేరింది.

భారతదేశంలో ఇందుకు అధికారం లేకపోలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చి, వన్యజీవులకు ముప్పు తెచ్చే పరాయిజాతుల దిగుమతిని, వర్తకాన్ని, స్వాధీనాన్ని, వ్యాప్తిని ప్రకటన ద్వారా నియంత్రించే లేదా నిషేధించే అధికారాన్ని కేంద్రప్రభుత్వానికి ఇచ్చింది. అధికారం కాగితం మీద ఉండడం వేరు; ఏ మొక్క, ఏ ప్రాంతంలో, ఏ రుజువుతో, ఎంత గడువుతో అని నిర్ణయించడం వేరు. కేరళ అడవికి శత్రువైనది రాజస్థాన్ ఇసుకలో బతకనే బతకకపోవచ్చు. కాబట్టి జాబితా పొట్టిగా ఉండాలి, ప్రాంతాన్ని బట్టి ఉండాలి, శాస్త్రజ్ఞుల పరిశీలనకు నిలవాలి. అందులోకి ఎక్కిన మొక్కకు మాత్రం మినహాయింపు ఉండకూడదు. అయినవారు కొమ్మలు ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఏ చట్టమూ పూర్తిగా ఆపలేదన్న మాట నిజమే. కాని వందల లారీలలో వెళ్ళే మొక్కకూ, పక్కింటి నుంచి చేతిలో తెచ్చుకున్న కొమ్మకూ పోలిక లేదు.

నిషేధం వల్ల తోటలు బోసిపోతాయన్న బెంగ కూడా అనవసరం. దక్షిణాది అడవులను ఇప్పుడు కలవరపెడుతున్న సెన్నా స్పెక్టాబిలిస్ సంగతే చూడవచ్చు. పసుపు పూల కోసం, నీడ కోసం నాటిన ఆ అమెరికా చెట్టు వయనాడు, ముదుమల అడవులలో దట్టంగా అల్లుకుపోయింది. దానిని వేళ్ళతో పెకలించడానికి అటవీశాఖలు శ్రమిస్తున్నాయి. అంతకంటే నిండైన పసుపుతో వేసవిలో గుత్తులు గుత్తులుగా వేలాడే రేలపువ్వు ఈ నేలదే. తంగేడు ఉన్నది, మోదుగ ఉన్నది, పొగడ ఉన్నది, కడిమి ఉన్నది. వీటిని చక్కగా పెంచి, కుండీలలో అందంగా నిలబెట్టి అమ్మగల నేర్పు కడియం రైతులకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. కొనేవారు అడిగితే చాలు. అడగడానికి ముందు, వద్దనవలసినదాన్ని స్పష్టంగా, సకాలంలో వద్దనే ప్రభుత్వం కావాలి. కలకత్తా తోటలో లాంటానా ఒక్క మడిలో ఉన్న రోజున దానిని తొలగించడానికి ఒక తోటమాలి, ఒక పలుగు సరిపోయి ఉండేవి.